బ్యాటరీకి మెడికల్ లీవు

పేరంపాలెం ఏరియా ఆస్పత్రిలో కార్పెంటరు ఉద్యోగం ఒక్కటే ఉంది. అందులో ఇరవై రెండేళ్ళుగా కుడుపూడి త్రిమూర్తులే ఉన్నాడు. మంచం కోడు ఊగినా, కిటికీ రెక్క ఊడినా, తలుపు బిగుసుకుపోయి ఆపరేషన్ థియేటర్లో డాక్టరుగారు ఉండిపోయినా ముందు వినబడే మాట "త్రిమూర్తుల్ని పిలవండి" అన్నదే. మనిషి పొట్టి. చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది. ఏ పని చెప్పినా "ఆయ్, చేసేత్తానండి" అంటాడు. అన్నాక నిజంగానే చేసేస్తాడు. ఇలాంటి అలవాటున్న ఉద్యోగికి ప్రమోషను ఎలా ఇవ్వాలో ఎవరికీ తోచక ఇరవై రెండేళ్ళూ అలాగే ఉంచేశారు.

ఆ ఏడు వానలు మొదలవగానే ఎముకల వార్డు హెడ్ నర్సు సుగుణ సిస్టరు అతనికి కబురు పెట్టింది.

"త్రిమూర్తులుగారూ, మంచాల దగ్గర్నుంచి బాత్రూము దాకా గోడకి పట్టుకునే కడ్డీ వెయ్యాలి. నెలలో ముగ్గురు జారిపోయారు. కాలు విరిగి వచ్చినవాళ్ళు చెయ్యి కూడా విరగ్గొట్టుకుని వెళ్తుంటే నాకు తలకొట్టేసినట్టుంది."

స్టీలు గొట్టాలు, వాటిని గోడకి పట్టించే క్లాంపులు అప్పటికే వచ్చి ఉన్నాయి. పదహారు క్లాంపులు, క్లాంపుకి మూడు చొప్పున నలభై ఎనిమిది కన్నాలు. త్రిమూర్తులు గోడ పొడుగునా పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని డ్రిల్లు తెచ్చాడు. అది బ్యాటరీతో తిరిగే డ్రిల్లు. అంతకుముందు వైరు డ్రిల్లే ఉండేది. ఒకసారి ఆ వైరు తట్టుకుని కాంపౌండరొకాయన సెలైన్ స్టాండుతో సహా పడిపోయాక, వార్డుల్లో కరెంటు వైర్లు లాగరాదని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు కొన్నారు ఈ బ్యాటరీ డ్రిల్లు. ఆరేళ్ళయింది. దానితోపాటు వచ్చిన రెండు బ్యాటరీల్లో ఒకటి కిందటేడే చచ్చిపోయింది.

మొదటి కన్నం నున్నగా పడింది. రెండోది కూడా పడింది. మూడో కన్నం పూర్తవుతుండగా డ్రిల్లు దగ్గినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయింది. చార్జింగు పెడితే ఎర్రలైటు టపటపా కొట్టుకుంది తప్ప బ్యాటరీలోకి ఒక్క చుక్క ఎక్కలేదు. పోనీ సుత్తీ ఉలీ పెట్టి కొడదామని చూశాడు. గోడకి నిలువెత్తు టైల్సు ఉన్నాయి. మొదటి దెబ్బకే ఒకటి నెర్రెలిచ్చింది.

పక్కనే చెల్లెలి మంచం దగ్గర స్టూలేసుకుని కూర్చున్న మంగతాయారు ఇదంతా చూస్తూనే ఉంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఊళ్ళో పాత సినిమా హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు చింపింది. హాలు మూసేశారు గానీ ఆవిడ గొంతు మూతపడలేదు. చెల్లెలు సత్యవతి కాలికి కట్టు వేస్తే సాయంగా వచ్చి వార్డు మొత్తానికి పెత్తనం చేస్తోంది.

"ఏం నాయనా, ఇంటర్వెల్లా?" అంది.

"ఆయ్. బ్యాటరీ పోయిందండి. కొత్తది అడిగి తెచ్చేత్తాను."

అతనికి అది సాయంత్రంలోగా అయ్యే పనిలా కనబడింది.

*

ఆస్పత్రికి సూపరింటెండెంటుగారున్నారు గానీ ఆయన సంతకం పెడతారు. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేది పరిపాలనాధికారి పాండురంగంగారు. తెల్లటి చొక్కా, తెల్లటి ప్యాంటు. మాట్లాడితే ఫైలు మాట్లాడినట్టుంటుంది.

"రెండు బ్యాటరీలు కావాలండి," అన్నాడు త్రిమూర్తులు, కాగితం ముందు పెట్టి.

"బ్యాటరీ అనునది వస్తువా, వస్తువులో భాగమా?"

త్రిమూర్తులు ఆలోచించాడు. "డ్రిల్లుకి కింద తగిలించేదండి."

"భాగం," అని తేల్చారు పాండురంగంగారు. సొరుగులోంచి పద్నాలుగు పేజీల ఉత్తర్వు తీశారు. "సంపూర్ణ వస్తు విధానం. గత నెల ఒకటో తారీఖు నుంచి అమలు. సారాంశం చెప్తాను విను. ఇకమీదట ప్రభుత్వం వస్తువులను మాత్రమే కొనును. వస్తువుల ముక్కలను కొనదు."

ఈ విధానం ఊరికే పుట్టలేదు. ఎక్కడో ఒక శాఖలో ఒక జీపుకి పదేళ్ళలో నాలుగు జీపులకి సరిపడా స్పేరు పార్టులు కొన్నారట. అంతా అయ్యాక ఆ జీపు ఇప్పటికీ కదలదట. దాంతో పైవాళ్ళకి జ్ఞానోదయమైంది. స్పేరు పార్టు అన్నది ఉంటేనే కదా దొంగలెక్క! పార్టులే కొనకపోతే దొంగతనం ఎక్కడినుంచి వస్తుంది? ఆ తర్కంలో తప్పు పట్టగలవాడు ఎవడూ ఆ గదిలో లేడు. ఉన్నవాణ్ణి మర్నాడు బదిలీ చేశారు.

విధానం అప్పటికే ఆస్పత్రిలో పనిచేస్తోంది. గోడగడియారంలో సెల్లు అయిపోతే కొత్త గడియారం వస్తోంది. పెన్నులో రీఫిల్లు అయిపోతే పెన్ను పారేస్తున్నారు. స్ట్రెచర్లకి చక్రం ఊడితే స్ట్రెచరే కొంటున్నారు. మూడేసి చక్రాల స్ట్రెచర్లు పదకొండు వరండాలో వరసగా ఒకవైపు ఒరిగి నిలబడి, ఎవరి మాటో చెవిపెట్టి వింటున్నట్టుంటాయి. కొత్త గడియారంలో సెల్లు తీసి పాతదాంట్లో వేసిన లాబ్ అటెండరుకి మెమో ఇచ్చారు.

"పోనీ నా డబ్బులెట్టి కొనుక్కుంటానండి. పెద్ద ఖర్చేం కాదు," అన్నాడు త్రిమూర్తులు.

పాండురంగంగారు కళ్ళజోడు తీశారు. ఎదటివాడు ప్రమాదంలో ఉన్నాడనిపించినప్పుడు మాత్రమే ఆయన కళ్ళజోడు తీస్తారు.

"డ్రిల్లు ప్రభుత్వానిది. బ్యాటరీ నీది. రెండూ కలిసి గోడకి కన్నం పెట్టాయనుకో. ఆ కన్నం ఎవరిది?"

"గోడదండి."

"గోడ ప్రభుత్వానిది. కన్నంలో సగం నీది. రేపు నువ్వు రిటైరై, నా సగం కన్నం నాకిచ్చెయ్యమని కోర్టుకెడితే? ఆలోచించావా?"

త్రిమూర్తులు ఆలోచించలేదని ఒప్పుకున్నాడు.

"మరి నీకు మార్గం లేదనుకోకు. కొత్త డ్రిల్లు అడుగు. మొత్తం వస్తువు. ఆనందంగా ఇస్తాం. కాకపోతే పాతదాన్ని ముందు నిరుపయోగమని ప్రకటించాలి."

*

నిరుపయోగ ప్రకటన సంఘం మూడు వారాల తర్వాత సమావేశమైంది. జిల్లా నుంచి ఒక ఇంజనీరుగారు వచ్చారు. డ్రిల్లుని పచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. త్రిమూర్తులు మీట నొక్కాడు. తిరగలేదు.

"ఎందుచేత తిరగటం లేదు?" అన్నారు ఇంజనీరుగారు.

"బ్యాటరీ లేకండి."

"అయితే ఇది పరీక్ష కాదు. బ్యాటరీ పెట్టి చూపించు."

ఎదురు బట్టల కొట్లో అలమరలు బిగిస్తున్న ప్రైవేటు కార్పెంటరు దగ్గర సరిగ్గా అదే రకం డ్రిల్లుంది. పరీక్షార్థం అయిదు నిమిషాలకి అతని బ్యాటరీ తేవడానికి పాండురంగంగారు లిఖితపూర్వకంగా అనుమతించారు. తెచ్చి తగిలించగానే డ్రిల్లు గుయ్యిమని పాడింది. ఇంజనీరుగారు స్వయంగా ఒక చెక్కకి ఆరు కన్నాలు పెట్టి ముచ్చటపడ్డారు.

"మోటారు అద్భుతం. దీన్ని నిరుపయోగమని నా చేత్తో ఎలా రాయను?"

"బ్యాటరీ మనది కాదు కదండీ."

"అయితే మీదే పెట్టి చూపించు."

పెట్టాడు. తిరగలేదు.

"తిరగనప్పుడు పరీక్షించడానికి వీల్లేదు," అన్నారు ఇంజనీరుగారు, నొచ్చుకుంటూ. "పరీక్షిస్తే తిరుగుతుంది. తిరిగితే ఉపయోగం ఉన్నట్టే."

సంఘం టీ తాగి, 'యంత్రము ఉపయోగకరము, వినియోగమునకు వీలుకాదు' అని ఏకగ్రీవంగా తీర్మానించి లేచింది.

అందరూ వెళ్ళాక పాండురంగంగారు త్రిమూర్తుల్ని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు. "మేడ మీద పని చేసేటప్పుడు చేతిలోంచి వస్తువులు జారడం లోకసహజం. ఫారంలో దానికి గడి కూడా ఉంది. 'దైవికం' అని."

త్రిమూర్తులు ఆ మధ్యాహ్నం డ్రిల్లు పట్టుకుని మూడో అంతస్తు డాబా ఎక్కాడు. పిట్టగోడ మీంచి చెయ్యి బయటికి చాపాడు. కింద సిమెంటు చప్టా. వేళ్ళు వదిలితే చాలు. ఆ పిడి మీద ఆరేళ్ళ చెమటకి అతని అరచెయ్యి అచ్చు పడి ఉంది. ప్రసూతి వార్డులో ఉయ్యాల కొక్కేలన్నీ ఇదే వేసింది. ఏ తప్పూ చెయ్యలేదు, జబ్బు కూడా లేదు, దీన్ని పట్టుకుని... కాసేపు అలాగే నిలబడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దిగేటప్పుడు మెట్ల మీద రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

*

ఆ గురువారం పొద్దున్న చెల్లెలికి వేణ్ణీళ్ళు పట్టుకొద్దామని బయల్దేరి మంగతాయారు బాత్రూము గుమ్మం దగ్గర జారిపడింది. త్రిమూర్తులు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆవిణ్ణి మంచం మీదికి చేర్చారు. నొప్పికి మొహం సున్నంలా తెల్లబడింది. అతన్ని చూసి నవ్వబోయింది.

"నీ పెన్సిలు గుర్తులు పట్టుకుందావని చూశాను నాయనా. చేతికి చిక్కలేదు."

త్రిమూర్తులు ఆ రోజు అన్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

ఎముకల డాక్టరు జహీర్‌గారు ఎక్స్‌రే చూసి చెప్పారు: తుంటి దగ్గర బంతిలాంటి ఎముక విరిగింది, తీసేసి స్టీలు బంతి వెయ్యాలి, వేస్తే వారంలో నడుస్తుంది, వెయ్యకపోతే మంచం మీదే. ఈలోగా కాలికి ఇటుకలు కట్టి వేలాడదీశారు. ఇప్పుడు చెల్లెలు సత్యవతి చంకకర్రల మీద లేచి అక్కకి సాయం చేస్తోంది.

స్టీలు బంతి కావాలని ఇండెంటు కాగితం పెట్టారు. అది వచ్చేలోగానే ఆస్పత్రికి పండగొచ్చింది. సంపూర్ణ వస్తు విధానాన్ని బాగా అమలు చేసిన ఆస్పత్రుల్లో, మరమ్మతు ఖర్చు సున్నా వచ్చినందుకు, పేరంపాలెం జిల్లాలో మొదటిదిగా నిలిచింది. బహుమతిగా పన్నెండు సరికొత్త బ్యాటరీ డ్రిల్లులు, పెట్టెల్లో. వాటిని ఆవిష్కరించడానికి జాయింట్ డైరెక్టరుగారే వస్తున్నారు.

త్రిమూర్తులుకి ప్రాణం లేచొచ్చింది. పెట్టెల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ముట్టుకోకు," అన్నారు పాండురంగంగారు. "ఆవిష్కరణ కాలేదు."

ఆవిష్కరణ అయింది. జేడీగారు రిబ్బను కత్తిరించి, ఒక డ్రిల్లు చేత్తో పట్టుకుని ఫొటోకి నిలబడి, ముప్పావుగంట ప్రసంగించారు. "ముక్కలుగా ఆలోచించే జాతి ముక్కలుగానే మిగులుతుంది. సంపూర్ణంగా ఆలోచిద్దాం!" చప్పట్లు ఆగకముందే పన్నెండు డ్రిల్లులూ మళ్ళీ పెట్టెల్లోకి, పెట్టెలు వ్యానులోకి ఎక్కాయి.

"అదేంటండీ, పట్టుకెళ్ళిపోతన్నారు?" అన్నాడు త్రిమూర్తులు.

"పక్క ఆస్పత్రిలో పదకొండున్నరకి ఆవిష్కరణ," అన్నారు పాండురంగంగారు. "జిల్లాలో ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. అన్నీ అయ్యాక ఎవరివి వాళ్ళకి చేరతాయి."

వెళ్ళేముందు జేడీగారు వార్డులు చూస్తామన్నారు. ఎముకల వార్డులో ఇటుకలు వేలాడుతున్న మంచం దగ్గర ఆగారు.

"ఈమెకేమైంది?"

"తుంటిలో బంతి విరిగిందండి. కొత్తది వేస్తే నడుస్తుంది. ఇండెంటు పెట్టాం," అన్నారు జహీర్‌గారు.

జేడీగారి మొహంలో సందేహం పొగలా లేచింది. "కొత్త బంతి. అంటే భాగం?"

"శరీరంలో భాగమేనండి."

"మిగతా వస్తువు ఎప్పటిది?"

"డెబ్బై ఒక్కేళ్ళండి," అన్నారు డాక్టరుగారు. ఏ వస్తువు గురించి అడిగారో ఆయనకి సగం మాట అయ్యాకే అర్థమైంది.

"డెబ్బై ఒక్కేళ్ళ నాటి పాతదానికి కొత్త భాగం! మనం ఇంతసేపూ కింద చెప్పుకున్నదేమిటి?"

మంగతాయారు తల పక్కకి తిప్పింది. "ఎవరీ బాబు? టిక్కెట్టుందా?"

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ఎముకలకు సంబంధించిన సమస్త భాగముల కొనుగోలు, తదుపరి వివరణ వచ్చువరకు నిలుపుదల.

*

"ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది," అన్నారు జహీర్‌గారు వరండాలో. "పెద్దాస్పత్రికి పంపుదామంటే అక్కడా ఇదే విధానం."

పక్కనే ఉన్న త్రిమూర్తులు అప్పుడో మాటన్నాడు. ఊరికే అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఇన్నాళ్ళూ ఆ విధానంతో తిరిగి తిరిగి అతనికి దాని నడక తెలిసిపోయింది.

"బ్యాటరీ అడిగితే డ్రిల్లు అడగమన్నారండి. డ్రిల్లు అడిగితే బ్యాటరీ దాంతోపాటే వచ్చుద్ది. బంతి అడిగితే ఇవ్వరు కదండీ. మామ్మగార్నే కొత్తగా అడిగేయండి."

జహీర్‌గారు లోపలికి వెళ్ళి ఇండెంటు పుస్తకం తీసి రాశారు: 'మంగతాయారు, కొత్తది, సంపూర్ణము, ఒకటి. తుంటి బంతి సహా సకల ఉపకరణములతో.'

పాండురంగంగారు దాన్ని చదివి కళ్ళజోడు తీయలేదు. అందులో తప్పేమీ కనబడలేదాయనకి. మొత్తం వస్తువే అడిగారు. "ఇన్నాళ్ళకి మీ వార్డు విధానాన్ని అర్థం చేసుకుంది," అని మెచ్చుకుని పైకి పంపారు.

మూడో రోజుకి పైనుంచి వివరణలు అడుగుతూ కాగితం వచ్చింది. ఒకటి, 'మంగతాయారు' అనునది బ్రాండు పేరు అగుటచే తొలగించి సాధారణ వివరములు ఇవ్వవలెను. రెండు, మూడు సంస్థల నుండి ధరల పట్టికలు జతపరచవలెను, లేదా ఇట్టి వస్తువు వేరొకచోట లభ్యము కాదని ధ్రువపత్రము ఇవ్వవలెను. మూడు, పాత వస్తువును స్టోర్సునకు అప్పగించవలెను.

మొదటిదానికి జహీర్‌గారే జవాబు రాశారు: 'వృద్ధురాలు, మధ్యస్థ పరిమాణము, గొంతు హెచ్చు.' రెండోదాని దగ్గర ఆగిపోయారు. ధ్రువపత్రం ఎవరివ్వాలి?

త్రిమూర్తులు కాగితం పట్టుకుని సత్యవతి దగ్గరికెళ్ళాడు. ఆవిడకి సంగతంతా విప్పి చెప్పాడు. సత్యవతి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అక్క మాట్లాడుతూ ఉండేది కనక ఆవిడకి ఎప్పుడూ అవసరం రాలేదు. పెన్ను తీసుకుని, వంకర అక్షరాలతో నెమ్మదిగా రాసింది.

'మా అక్కలాంటిది ఇంకెక్కడా దొరకదు. అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పట్నుంచి వెతికినా నాకు ఇంకోటి కనబళ్ళేదు. ఇది నిజం.'

కింద సంతకం పెట్టింది. త్రిమూర్తులు ఆ కాగితాన్ని మడవకుండా, వానలో తడవకుండా, చొక్కా లోపల పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాడు. పాండురంగంగారు చదివారు. మరోసారి చదివారు. గొంతు సవరించుకుని, "సింగిల్ సోర్సు సర్టిఫికెట్టు. సక్రమంగా ఉంది," అన్నారు, ఎందుకో కిటికీ వైపు తిరిగి.

మరో నాలుగు రోజులకి మంజూరు వచ్చింది. నెలాఖరులోగా నిధులు వాడెయ్యాలని పైన తొందరగా ఉన్నారట. ఫైలు నడిచిన వేగానికి జహీర్‌గారే బెదిరిపోయారు. కొత్త మంగతాయారుతోపాటు రావలసిన ఉపకరణంగా స్టీలు బంతి మర్నాడే దిగింది. ఆపరేషను శుక్రవారం చేశారు. బాగా జరిగింది.

"రెండ్రోజుల్లో లేపి నిలబెడతాను," అన్నారు జహీర్‌గారు చేతులు తుడుచుకుంటూ. "వారంలో బాత్రూము దాకా నడిపిస్తాను. దేన్ని పట్టుకుని నడుస్తుందో మాత్రం నాకు తెలీదు త్రిమూర్తులూ."

*

బజార్లో నాగవేణి అని ఒకామె సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. త్రిమూర్తులు చచ్చిన బ్యాటరీని ఆమె బల్ల మీద పెట్టాడు.

"దీని పొట్ట కొయ్యగలవా అమ్మా?"

నాగవేణి స్క్రూలు విప్పి మూత తీసింది. లోపల వేలెడంత సెల్లులు పది, రెండు వరసల్లో. "మూడు పోయాయి బాబాయ్. అవి పోతే మిగతావి పన్జెయ్యవు. పదీ మార్చేత్తే కొత్తదాన్లాగే ఉంటాది. పైడొప్ప మాత్రం పాతదే."

"నాక్కావలసింది అదే. పైడొప్ప పాతదే ఉండాలి. దాని మీద నంబరు చెరక్కూడదు."

శనివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడు. సుగుణ సిస్టరు స్వయంగా ధూళి తుడుస్తూ వెనకాల నడిచింది. నలభై అయిదు కన్నాలు. ముప్ఫయ్యో కన్నం దగ్గర గుమ్మంలో తెల్ల ప్యాంటు కనబడింది.

"ఆపు. ఈ చప్పుడు ఎక్కడిది?"

"డ్రిల్లుదండి."

"బ్యాటరీ?"

త్రిమూర్తులు ఊడదీసి చూపించాడు. పాండురంగంగారు నంబరుని రిజిస్టరుతో అక్షరం అక్షరం సరిచూశారు. అదే నంబరు.

"ఇది చనిపోయిందన్నావే?"

"ఆయ్, సొమ్మసిల్లి పడిపోయిందండి. నెల్రోజులు పని చెప్పకుండా అలమర్లో పడుకోబెట్టాను. పుంజుకుంది."

పాండురంగంగారు నమ్మారో లేదో ఆయన మొహం చూసి ఎవరూ చెప్పలేరు. కానీ అందులో విధానానికి విరుద్ధమైనదేదీ లేదు. ఏమీ కొనలేదు. ఏ భాగమూ రాలేదు. విశ్రాంతి వల్ల స్వస్థత. ఆయన కళ్ళల్లో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. సోమవారం నాటికి ఆ వెలుగు ఉత్తర్వుగా మారింది: ఆస్పత్రిలోని నీరసించిన బ్యాటరీలన్నింటికీ ముప్ఫై రోజుల మెడికల్ లీవు మంజూరు, తిరిగి విధుల్లో చేరునపుడు డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తప్పనిసరి. జహీర్‌గారు డ్రిల్లు బ్యాటరీకి నాడి చూసి సర్టిఫికెట్టు రాసిచ్చారు. ఆ ఉత్తర్వు జిల్లా అంతా పాకిందనీ, చాలా ఆస్పత్రుల్లో బ్యాటరీలు లీవు మీద బజారుకెళ్ళి ఆరోగ్యంగా తిరిగొస్తున్నాయనీ తర్వాత తెలిసింది. నాగవేణి పక్క గది కూడా అద్దెకి తీసుకుంది.

*

తనిఖీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఆపరేషనై వారమైంది. మంజూరైన కొత్త మంగతాయారు అందిందా, పాతది స్టోర్సులో జమ అయిందా అని చూసుకోవడానికి వచ్చాడు.

"పాతదేది?"

జహీర్‌గారు ఒక గాజుసీసా బల్ల మీద పెట్టారు. మందునీళ్ళలో విరిగిన ఎముక బంతి తేలుతోంది.

పాండురంగంగారు వంగి చూశారు. "ఇదేనా? మరీ చిన్నదిగా ఉందే."

"డెబ్బై ఒక్కేళ్ళు వాడారు కదండీ. అరిగింది," అన్నాడు త్రిమూర్తులు.

న్యాయంగానే తోచింది. సీసాకి చీటీ అంటించి, 'పాత మంగతాయారు, ఒకటి' అని రిజిస్టరులో ఎక్కించారు.

"మరి కొత్త వస్తువు పనిచేయుచున్నదా? ప్రదర్శించాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అందరూ వార్డులోకి నడిచారు. సుగుణ సిస్టరు మంగతాయారుని లేపి నిలబెట్టింది. ఆవిడ ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది. ఒకసారి గట్టిగా ఊపి చూసింది. కదల్లేదు.

మొదటి అడుగుకి ఆవిడ పళ్ళు బిగించింది. రెండోదానికి నుదుటి మీద చెమట పట్టింది. మంచాల మీద ఉన్నవాళ్ళు మోచేతుల మీద లేచి చూస్తున్నారు. సత్యవతి చంకకర్రల మీద ఒక్కో అడుగూ అక్కతోపాటే వేస్తోంది. ఒక క్లాంపు దాటింది. రెండు దాటింది. అయిదో క్లాంపు దగ్గరికొచ్చేసరికి ఆవిడ నడకలో ఏదో పాత దర్జా చేరింది. త్రిమూర్తులు చెవి మీద పెన్సిలు తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. కళ్ళు మసకబారి అతనికి గోడ సరిగ్గా కనబడటం లేదు.

పాండురంగంగారు దారికి అడ్డంగా, రిజిస్టరు తెరిచి, గడి దగ్గర పెన్ను పెట్టి నిలబడ్డారు. మంగతాయారు ఆగలేదు.

"జరుగు బాబూ, జరుగు! కొత్త కాలు. బ్రేకులు ఎక్కడున్నాయో నాకింకా తెలీదు."

ఆయన రిజిస్టరుని గుండెకి హత్తుకుని గోడకి అతుక్కుపోయారు. ఆవిడ ఆయన్ని దాటి, కడ్డీ చివరిదాకా వెళ్ళి, బాత్రూములోకి పోయి తలుపేసుకుంది.

ఇన్‌స్పెక్టరు కొంచెంసేపు బయట నిలబడి వాచీ చూసుకున్నాడు. "ఎంతసేపు పడుతుంది? నాకింకా మూడు ఆస్పత్రులున్నాయి."

"ఏమోనండి," అన్నాడు త్రిమూర్తులు. "నెల్రోజుల తర్వాత ఒక్కతే వెళ్ళడం ఇదే."

ఇన్‌స్పెక్టరూ, పాండురంగంగారూ, త్రిమూర్తులూ ముగ్గురూ ఆ తలుపు ముందు, చేతులు కట్టుకుని, వరసలో నిలబడ్డారు.